ఆకుకట్ట ఫ్రిజ్‌లో కుళ్ళకుండా, కూరలో వాసన పోకుండా

ఇద్దరు ముగ్గురే ఉండే ఇంట్లో కొత్తిమీర కట్ట కొంటే పావు వంతు కూరల్లోకి, మిగతాది నాలుగో రోజు చెత్తబుట్టలోకి. బెంగళూరులో ఉద్యోగాలు చేసుకునే మన తెలుగు ఇళ్ళలో చాలావాటి సంగతి ఇదే. పైగా పది నిమిషాల్లో తెచ్చిచ్చే యాప్‌లు వచ్చాక, ఫ్రిజ్‌లో సగం కట్ట ఉందన్న సంగతి గుర్తులేక ఇంకోటి తెప్పించడం, రెండూ కలిసి కుళ్ళడం మామూలైపోయింది. డబ్బు మాట అలా ఉంచండి, పొయ్యి మీద చారు మరుగుతుండగా కవర్ విప్పితే నల్లటి జిగురు ముద్ద కనిపించినప్పుడు వచ్చే చిరాకు వేరు.

గుర్తుపెట్టుకోవలసిన సూత్రం ఒక్కటే. ఆకు లోపలి నీరు బయటికి పోకూడదు, ఆకు పైన నీరు నిలవకూడదు. లోపలి నీరు పోతే వాడిపోతుంది, పైన నీరు నిలిస్తే కుళ్ళిపోతుంది. కోసిన తర్వాత కూడా ఆకు ఊపిరి తీసుకుంటూనే ఉంటుంది, ఆవిరి వదులుతూనే ఉంటుంది. కవర్‌కి ముడి వేసి అలాగే ఫ్రిజ్‌లో పడేస్తే ఆ ఆవిరి లోపలే చెమ్మగా పట్టి మళ్ళీ ఆకు మీదే పడుతుంది. పోనీ కవర్ తీసేసి విడిగా పెడదామంటే ఫ్రిజ్‌లో తిరిగే పొడి గాలికి ఒక్క రోజులో ఎండి వేలాడిపోతుంది. ఈ రెండింటికీ మధ్య దారి వెతకడమే మన పని, ఇక కింద చెప్పేవన్నీ దాన్ని ఒక్కో ఆకుకి ఎలా అన్వయించాలన్నదే.

కొనేటప్పుడు

తోపుడు బండి మీదైనా, గాంధీ బజార్లోనైనా, కె.ఆర్. మార్కెట్‌లోనైనా పొద్దున్నే వెళ్తే మంచి కట్టలు దొరుకుతాయి. సాయంత్రానికి ఆకు వాడిపోకుండా ఉండాలని బండివాళ్ళు నీళ్ళు చల్లి చల్లి ఉంచుతారు, అది చూడ్డానికి తాజాగా ఉంటుంది గానీ కట్ట మధ్యలో చెయ్యి పెట్టి చూస్తే వేడిగా, తడిగా తగులుతుంది. కుళ్ళు ఎప్పుడూ మధ్యలోనే మొదలవుతుంది కాబట్టి చూడాల్సింది పైన కాదు, కట్టు కట్టిన చోట. కొత్తిమీరలో 'నాటి' రకం, అంటే మన నాటు రకం అడగండి, సన్న కాడ, చిన్న ఆకు, వాసన ఎక్కువ. పెద్ద ఆకులతో పొడుగ్గా నిగనిగలాడేది చూపుకి బాగుంటుంది, అంతే. వేళ్ళు, మట్టి ఉన్న కట్ట దొరికితే అదే తీసుకోండి, వేళ్ళు తీసేసినదానికంటే ఎక్కువ రోజులు ఆగుతుంది. సబ్బసిగె, అంటే మన తెలంగాణ వాళ్ళు సోయకూర అనేది, బెంగళూరులో ఏడాది పొడుగునా దొరుకుతుంది. ఇక్కడికి వచ్చి కూడా దాన్ని వండకపోతే సగం బెంగళూరు తిననట్టే అని నా అభిప్రాయం.

ఇంటికి తెచ్చాక మొదటి పది నిమిషాలు

అన్నిటికంటే ముందు కట్టు విప్పండి. రబ్బరు బ్యాండు అయినా, దారమైనా, అరటి నార అయినా సరే. బిగించి కట్టిన చోట కాడలు నలిగి ఉంటాయి, నలిగిన చోటే బ్యాక్టీరియా మొదలవుతుంది. పసుపు పచ్చ ఆకులు, నల్లబడ్డవి, జిగురుగా తగిలేవి ఏరి పారెయ్యండి, ఒక్కటి ఉన్నా పక్కవాటికి అంటిస్తుంది. మిగిలినవి ఒక గుడ్డ మీద పల్చగా పరిచి ఫ్యాన్ కింద అరగంట వదిలెయ్యండి. పైన తడి ఆరితే చాలు, ఆకు వాడిపోయేదాకా ఉంచొద్దు.

కడిగి దాచాలా, కడక్కుండా దాచాలా అని ప్రతి ఇంట్లోనూ ఒక చర్చ ఉంటుంది. కడక్కుండా దాచి, వాడే ముందు కడగడమే మంచిది. మట్టి ఎక్కువ ఉందనో, పొద్దున్నే టైమ్ ఉండదనో ముందే కడగాలనుకుంటే, పూర్తిగా ఆరబెట్టే ఓపిక ఉంటేనే ఆ పని పెట్టుకోండి. కడిగే పద్ధతి కూడా ఉంది. వెడల్పు గిన్నెలో నిండా నీళ్ళు పోసి, ఆకు ముంచి, చేత్తో కదిపి, ఆకుని పైకి తీసెయ్యాలి. చాలామంది గిన్నె వంచి నీళ్ళు పారబోస్తారు, అప్పుడు అడుగున దిగిన ఇసుక మళ్ళీ ఆకు మీదికే వస్తుంది. అడుగున ఇసుక కనపడనంత వరకు రెండు మూడు సార్లు ఇలా చెయ్యండి, మెంతికూరకైతే ఇంకోసారి.

ఇక చుట్టడానికి న్యూస్‌పేపర్ వద్దు. మన అమ్మలందరూ అందులోనే చుట్టారు నిజమే గానీ, అచ్చు సిరాలో సీసం లాంటివి ఉంటాయని, ఆహారం అందులో చుట్టొద్దని దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్.ఎస్.ఎస్.ఏ.ఐ. 2016లో ఒకసారి, 2023లో మళ్ళీ చెప్పింది. పాత కాటన్ చీర ముక్కో, పంచె ముక్కో ఉతికి పెట్టుకుంటే పేపర్ కంటే బాగా చెమ్మ పీలుస్తుంది, మళ్ళీ మళ్ళీ వాడుకోవచ్చు. లేకపోతే కిచెన్ టిష్యూ.

ఒక్కో ఆకు ఒక్కో రకం

కొత్తిమీరకి రెండు పద్ధతులు. మొదటిది డబ్బా పద్ధతి: మూత గట్టిగా పట్టే డబ్బా, స్టీలుదైనా ప్లాస్టిక్‌దైనా, అడుగున పొడి గుడ్డ, దాని మీద ఆరిన కొత్తిమీర వదులుగా, పైన ఇంకో మడత గుడ్డ, మూత. రెండు మూడు రోజులకోసారి తీసి గుడ్డ తడిగా ఉంటే మార్చాలి. ఈ ఒక్క పని మానేస్తారు కాబట్టే 'డబ్బాలో పెట్టినా కుళ్ళింది' అంటుంటారు. గుడ్డ మారుస్తుంటే వారం పది రోజులు హాయిగా ఉంటుంది. రెండోది సీసా పద్ధతి: పాత హార్లిక్స్ సీసాలో రెండు వేళ్ళ ఎత్తు నీళ్ళు పోసి, కాడల చివర్లు కొంచెం కోసి నిలబెట్టి, ఆకుల మీద ఒక పల్చటి కవర్ వదులుగా బోర్లించి ఫ్రిజ్‌లో పెట్టడం. రెండు రోజులకోసారి నీళ్ళు మార్చాలి. ఆకులు నీళ్ళలో మునగకూడదు, కాడలే మునగాలి. ఫ్రిజ్‌లో చోటు ఉంటే నా ఓటు దీనికే, చోటు లేని ఇళ్ళకి డబ్బా.

ఫ్రిజ్‌లో ఎక్కడ పెట్టామన్నది కూడా చూసుకోవాలి. వెనక గోడకి ఆనించి పెడితే ఆకు గడ్డకట్టి, తీశాక నల్లగా మెత్తబడుతుంది. కూరగాయల ట్రేలో పెట్టొచ్చు గానీ అక్కడే యాపిల్, అరటి, మామిడి, పండిన టమాటా ఉంటే వద్దు. ఆ పళ్ళు ఇథిలీన్ అనే వాయువు వదులుతాయి, అది తగిలితే ఆకు త్వరగా పసుపెక్కుతుంది. పళ్ళకో అర, ఆకులకో అర.

పుదీనా నలిగితే చాలు నల్లబడుతుంది. ఆకు లోపల ఉండే ఎంజైము గాలి తగలగానే పని మొదలుపెడుతుంది, అందుకని దాన్ని కుక్కి పెట్టకూడదు, ముందే తరిగి పెట్టకూడదు. రెండు మూడు రోజుల్లో వాడేస్తామంటే కాడలతో గ్లాసు నీళ్ళలో పెట్టి కిటికీ దగ్గర, ఎండ నేరుగా పడని చోట ఉంచినా సరిపోతుంది, బెంగళూరు చల్లదనానికి బాగానే ఉంటుంది. ఇంకా ఎక్కువ రోజులు కావాలంటే కొత్తిమీర లాగే గుడ్డ, డబ్బా. చెన్నైలో ఉన్నవాళ్ళు మాత్రం గట్టు మీద పెట్టే ఆలోచన మానుకోండి, ఆ వేడికి, ఉక్కకి సాయంత్రానికే వేలాడిపోతుంది.

కరివేపాకుతో పెద్ద టెన్షన్ లేదు. రెబ్బలు ఈనెతోనే ఉంచి, తడి లేకుండా ఆరబెట్టి, గుడ్డ వేసిన డబ్బాలో పెడితే రెండు మూడు వారాలు ఉంటుంది. ఊరి నుంచి అత్తగారో అమ్మో పెద్ద కవర్ నిండా పంపించారనుకోండి, వారానికి సరిపడా బయట ఉంచి మిగతాది కడిగి, చుక్క తడి లేకుండా ఆరబెట్టి ఫ్రీజర్‌లో పడెయ్యండి. రంగు కొంచెం ముదురుతుంది, వాసన మాత్రం నెలల తరబడి నిలుస్తుంది. వాడేటప్పుడు కరగనివ్వకుండా నేరుగా నూనెలో వెయ్యాలి, కొంచెం దూరంగా నిలబడి.

మెంతికూర వేళ్ళు కోసేసి గుడ్డలో చుడితే నాలుగైదు రోజులు, అంతకు మించి ఆశపెట్టుకోవద్దు. సబ్బసిగె ఇంకా సున్నితం, సీసా పద్ధతే నయం, నాలుగు రోజుల్లో వండెయ్యాలి. వాము ఆకు అసలు కొనే వస్తువు కాదు, పక్కింటివాళ్ళ కుండీలోంచి ఒక కొమ్మ అడిగి తెచ్చుకుని గుచ్చితే చాలు.

పాస్తా, పిజ్జాల్లోకి వాడే తులసి జాతి ఆకు ఇటాలియన్ బేసిల్ సంగతి వేరు. దానికి చలి పడదు. 10 డిగ్రీల కంటే కిందికి పోతే ఆకు మచ్చలు పడి నల్లబడుతుంది, ఫ్రిజ్ లోపల 4 డిగ్రీల చుట్టుపక్కల ఉంటుంది, అంటే దానికి అది శిక్షే. పువ్వుల్లాగా గ్లాసు నీళ్ళలో పెట్టి వంటింటి గట్టు మీదే ఉంచండి. పాశ్చాత్య వంటల్లోకి వాడే రోజ్‌మేరీ, థైమ్ ఆకుల కాడలు గట్టివి, కొంచెం తడి చేసి పిండిన గుడ్డలో చుట్టి ఫ్రిజ్‌లో పెడితే రెండు వారాలు దాటినా బాగుంటాయి.

మిగిలిపోతే

వారంలో అయిపోదని తెలిసిన రోజే ఫ్రీజర్ సంగతి చూడాలి, సగం వాడిపోయాక కాదు. కొత్తిమీర, పుదీనా, సబ్బసిగె తరిగి, ఐసు ట్రే గుంటల్లో కుక్కి, పైన కొంచెం నూనెగానీ నీళ్ళుగానీ పోసి గడ్డకట్టించి, తర్వాత ఆ ముక్కల్ని ఒక కవర్లో వేసి గాలి తీసేసి ఫ్రీజర్‌లోనే దాచుకోండి. పప్పులోకి ఒకటి, కుర్మాలోకి రెండు అన్నట్టు తీసి వేసుకోవచ్చు. ఇది వంటకే, పైన చల్లడానికి పనికిరాదు, కరిగాక ఆకు మెత్తగా అయిపోతుంది. దీనికంటే నాకు నచ్చేది కొత్తిమీర, పచ్చిమిర్చి, అల్లం, ఉప్పు కలిపి ముద్దగా రుబ్బి అదే ట్రేలో పెట్టడం, దాంతో ఏం చెయ్యాలో కింద చెప్తాను.

ఎండబెట్టడం అన్ని ఆకులకీ కుదరదు. మెంతికూర, పుదీనా, కరివేపాకు, రోజ్‌మేరీ ఎండినా వాసన ఉంచుకుంటాయి. కొత్తిమీర ఎండితే గడ్డే. నీడలో, గాలి తగిలే చోట పల్చగా పరచాలి, ఎండలో పెడితే రంగూ వాసనా రెండూ పోతాయి. వానాకాలం బెంగళూరులో నాలుగు రోజులైనా ఆరకపోతే మైక్రోవేవ్‌లో రెండు టిష్యూల మధ్య పెట్టి అర నిమిషం చొప్పున, మధ్య మధ్యలో చూసుకుంటూ ఆరబెట్టుకోవచ్చు. వేళ్ళతో నలిపితే గలగలమని పొడి కావాలి, అప్పుడే సీసాలోకి. పచ్చి ఆకు మూడు చెంచాలు వేసే చోట ఎండుది ఒక చెంచా సరిపోతుంది.

ఇంకో జాగ్రత్త. వెల్లుల్లి, పచ్చి ఆకులు ఆలివ్ నూనెలో ముంచి సీసాలో గట్టు మీద అందంగా పెట్టే వీడియోలు చాలా తిరుగుతున్నాయి. అది ప్రమాదం. గాలి తగలని నూనెలో, పులుపు లేని చోట, బయటి వేడిలో బొట్యులిజం అనే ప్రాణాంతక జబ్బు తెప్పించే బ్యాక్టీరియా పెరుగుతుంది, వాసనా రంగూ మారకుండానే విషం తయారవుతుంది. అలాంటిది చేస్తే ఫ్రిజ్‌లోనే ఉంచి నాలుగు రోజుల్లో వాడెయ్యాలి, లేదా ఫ్రీజర్. మరి మన కొత్తిమీర నిల్వ పచ్చడి నెలల తరబడి ఎలా ఉంటుందీ అంటే, దాన్ని కాపాడేది చింతపండు పులుపు, ఉప్పు. నూనె పైన గాలి తగలకుండా చూస్తుంది, అంతవరకే. అందుకే నిల్వ పచ్చడిలో పులుపూ ఉప్పూ తగ్గించి 'హెల్తీ'గా చేద్దామనుకునేవాళ్ళు దాన్ని ఫ్రిజ్‌లో పెట్టుకుని త్వరగా తినేయడం మంచిది.

పొయ్యి దగ్గర

ఆకుల్ని రెండు జాతులుగా చూస్తే పని సులువు. గట్టి ఆకులు వేడిని ఓర్చుకుంటాయి, పైగా వేడి తగిలితేనే వాసన వదులుతాయి. కరివేపాకు, రోజ్‌మేరీ, థైమ్, ఎండిన ఆకులన్నీ ఈ జాతి. మెత్తటి ఆకుల వాసన గాలిలోకి ఎగిరిపోయే రకం, ఎక్కువ సేపు మరిగిస్తే ఇల్లంతా ఘుమఘుమలాడుతుంది గానీ గిన్నెలో ఏమీ మిగలదు. కొత్తిమీర, బేసిల్ ఈ జాతి. పుదీనా మధ్యలో ఉంటుంది, దమ్ బిర్యానీలో మూత బిగించి ఉంటుంది కాబట్టి నిలబడుతుంది, మూత లేకుండా మరిగిస్తే నీరసపడుతుంది.

కరివేపాకు వాసన నూనెలో కరుగుతుంది. కాబట్టి పోపులో ఆవాలు చిటపటలాడాక, నూనె వేడి మీద ఉండగా వెయ్యాలి, ఆకు తడి లేకుండా ఉండాలి. చిటపటలు ఆగి ఆకు కరకరలాడేలా అయ్యిందంటే నూనె దాని సారం తీసుకున్నట్టే. చల్లారిన పోపులో వేసిన కరివేపాకు పళ్ళెం అంచుకు ఏరి పారెయ్యడానికి తప్ప ఎందుకూ పనికిరాదు. మజ్జిగలోకి మాత్రం పచ్చిదే, చేత్తో నలిపి.

కొత్తిమీర కాడలు పారెయ్యకండి. ఆకులో ఉన్నంత వాసనా కాడలో ఉంటుంది, పైగా కాస్త మరుగుడు తట్టుకుంటుంది. చారు మరిగేటప్పుడు నాలుగు కాడలు ముడి వేసి గిన్నెలో పడేసి దించే ముందు తీసెయ్యండి. కుర్మా మసాలా రుబ్బేటప్పుడు కాడలే వెయ్యండి. ఆకు మాత్రం స్టౌ ఆపాకే, అప్పటికప్పుడు తరిగి, చల్లి, అయిదు నిమిషాలు మూత పెట్టాలి. తరగడానికి కత్తి పదునుగా ఉండాలి, ఆకు పొడిగా ఉండాలి. మొద్దు కత్తితో తడి కొత్తిమీర తరిగితే పలక మీద పచ్చ రసం కనిపిస్తుంది చూడండి, కూరకు పోవాల్సిన రుచి అదే.

ఇప్పుడు ఆ ఫ్రీజర్ ముద్ద సంగతి. వంకాయ కొత్తిమీర కారం అందరికీ తెలిసిందే. లేత వంకాయల్ని గుత్తిగా చీరి, ఉప్పు నీళ్ళలో వేసి తీసి, నూనెలో మూత పెట్టి సన్న సెగ మీద పూర్తిగా మగ్గించండి. కాయ మెత్తబడ్డాక మాత్రమే కొత్తిమీర ముద్ద వెయ్యాలి, పావు కిలో కాయలకి మూడు నాలుగు ఐసు ముక్కలంత. ముద్దలో పచ్చి అల్లం వాసన పోయేదాకా రెండు మూడు నిమిషాలు చాలు. ముందే వేసేస్తే కూర గోధుమ రంగుకి తిరిగి, కొత్తిమీర ఉందని చెప్తే తప్ప తెలియదు. అదే ముద్ద దొండకాయలోకి, ఆలుగడ్డ వేపుడులోకి కూడా పనికొస్తుంది.

మెంతికూర చేదు అని పిల్లలు తినరంటే, ముదురు కాడలు తీసేసి ఆకు మాత్రమే నూనెలో పచ్చి పోయేదాకా వేయించి ఆ తర్వాతే పప్పులో కలపండి. పప్పుతో పాటు కుక్కర్లో వేసి ఉడికిస్తే చేదు అంతటా పాకుతుంది.

సబ్బసిగెతో మొదటిసారి వండేవాళ్ళు అక్కి రొట్టెతో మొదలుపెట్టండి, మన చిత్తూరు వైపు వాళ్ళకి బియ్యప్పిండి రొట్టె కొత్తేం కాదు. రెండు కప్పుల బియ్యప్పిండి, సన్నగా తరిగిన చిన్న కట్ట సబ్బసిగె, ఒక ఉల్లిపాయ, పచ్చిమిర్చి, జీలకర్ర, గుప్పెడు కొబ్బరి తురుము, ఉప్పు, వేడి నీళ్ళతో మెత్తగా కలిపి, చల్లటి పెనం మీద నూనె రాసి చేత్తో పల్చగా తట్టి, మధ్యలో చిల్లులు పెట్టి నూనె చుక్కలు వేసి, మూత పెట్టి కాల్చాలి. రెండో రొట్టెకి పెనం అడుగు నీళ్ళ కింద పెట్టి చల్లార్చాలి, లేదా రెండు పెనాలు పెట్టుకోవాలి. డిసెంబరు, జనవరిలో అవరెకాయలు, అంటే మన అనపకాయలు (చిక్కుడు జాతివి, సొరకాయ కాదు), వచ్చినప్పుడు ఉడికించిన గింజలు గుప్పెడు పిండిలో కలపండి. సబ్బసిగె, అనప గింజల జత అంత బాగా కుదిరేవి తక్కువ.

కిటికీ దగ్గర కుండీ

అన్నీ పెంచాలని బయల్దేరొద్దు. బెంగళూరు 900 మీటర్లకు పైగా ఎత్తున ఉంది కాబట్టి ఎండలు మరీ మండించవు, అయినా అపార్ట్‌మెంట్ బాల్కనీలో వంటకి సరిపడా కొత్తిమీర పండించడం కష్టమే, కట్ట కొనుక్కోవడమే లాభం. పెంచి తీరాలంటే ధనియాన్ని రెండు బద్దలుగా చేసి వెయ్యండి, ఒక్కో దాంట్లో రెండు గింజలుంటాయి. పది రోజులు అటూ ఇటూగా మొలక వస్తుంది. లాభసాటివి పుదీనా, వాము ఆకు, కరివేపాకు. పుదీనాకి విత్తనం అక్కర్లేదు, కొన్న కట్టలోని గట్టి కాడల్ని ఆకులు గిల్లేసి నీళ్ళలో పెడితే వారం రెండు వారాల్లో వేళ్ళు వస్తాయి. విడి కుండీలోనే నాటండి, పక్క మొక్కని బతకనివ్వదు. కరివేపాకు మొక్క లాల్‌బాగ్ పక్కన సిద్దాపుర నర్సరీల్లో దొరుకుతుంది, పైకి ఒక్క కర్రలా పోకుండా చిగురు తుంచుతూ ఉంటే పక్క కొమ్మలు వేస్తుంది. రోజ్‌మేరీకి నీళ్ళు ఎక్కువైతే చచ్చిపోతుంది, మట్టి పైన పొడిబారాకే పొయ్యండి.

ఇంత చేసినా ఒక్కోసారి కట్ట వాడిపోతుంది. వాడిన ఆకుని పారెయ్యక్కర్లేదు, కాడల చివర్లు కోసి చల్లటి నీళ్ళలో పావుగంట, ఇరవై నిమిషాలు ముంచితే నీళ్ళు తాగి మళ్ళీ నిలబడుతుంది. వెంటనే వాడెయ్యండి. జిగురు పట్టి వాసన మారితే మాత్రం ఏరుకుంటూ కూర్చోవద్దు, మొత్తం తీసి కంపోస్టు డబ్బాలో వేసి, ఆ గుడ్డని వేడి నీళ్ళలో ఉతికి ఆరేశాకే మళ్ళీ వాడండి.